పెన్న ఒడ్డు వారికి సముద్రస్నానం

జమ్మలమడుగు, ప్రొద్దుటూరుల ప్రక్కగా సాగే పెన్న, పులివెందుల దిక్కున గండిక్షేత్రం దాటివచ్చే పాపాఘ్నిని కలుపుకొని, నెల్లూరు జిల్లా ఊటుకూరు వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలకు ఊళ్ళ మురుగు కూడ నదితోపాటు ఆ తీరానికి చేరుతుంది. వాన వెలిసిన రెండు మూడు దినాలు అక్కడ స్నానం తగదు.

మైపాడు వంటి తీరాలకు విహారయాత్ర వెళ్ళే విద్యార్థులు మరొకటి ఎరుగవలె. ఒడ్డుకు చేరిన అలల నీరు ఇరుకైన దారిన వేగంగా లోనికి మళ్ళుతుంది. అలలు విరగక ప్రశాంతంగా కనిపించే చోటే తరచు ఆ దారి. మనవారు ఏరికోరి దిగేదీ అక్కడనే! బావిలో ఈత నేర్చినవాడు గట్టుకై ఎదురీది, అలసి మునుగుతాడు. తీరానికి సమాంతరంగా ఈది, ప్రవాహం దాటిన పిదప ఏటవాలుగా ఒడ్డుకు మళ్ళవలె. శక్తి చాలకున్న వెల్లకిల తేలుతూ, చేయెత్తి పిలువవలె.