తెర ఎక్కడ వేయాలి?

కొత్త ఇంటికి తెరలు కొనేటప్పుడు రంగు చూస్తాం, చోటు చూడం. మేమూ కిటికీలకు వేసి గుమ్మం మరిచాం! ముందు వీధి తలుపు దగ్గర నిలబడి లోపలికి చూడండి. పడకగది కనబడుతోందా? మొదటి తెర అక్కడే వేయాలి.

అనుమతి అడగమన్నది చూపు విషయంలోనేనని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆనాడు గుమ్మాలకు తెరలుండేవి కావు. అందుకే ఆయన ఎవరింటికి వెళ్ళినా తలుపుకు ఎదురుగా కాక, ఓ పక్కన నిలబడి సలాం చెప్పేవారు.

ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తర్వాత పిల్లలు సైతం అడిగే లోపలికి రావాలన్నది సూరె నూర్ 58వ ఆయత్ ఆదేశం. తెర ఉంది కదా అని ఈ అలవాటు మానరాదు. ట్రాక్ గుమ్మానికి ఇరువైపులా జానెడు ఎక్కువుంటే సందులు మిగలవు.

మన ప్రాంతంలో ఖిబ్లా పడమటి వైపు. నమాజు చేసే గదిలో ఆ వైపు సాదా గుడ్డే వేయండి. హజ్రత్ ఆయిషా (రజి) ఇంట్లో ఓ పక్క కట్టిన బొమ్మల తెర నమాజులో ధ్యాస మళ్ళిస్తోందని ప్రవక్త (సఅసం) తీసేయమన్నారు.