పాతబస్తీ నుంచి పిలుపొస్తే: మానసిక అత్యవసరాల్లో కొత్త క్లినీషియన్ ఏం చేయాలి?

ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు మనిషిని తీసుకొచ్చేటప్పుడు ఇంటివాళ్లు చెప్పే అబద్ధాలు దాదాపు ఒకేలా ఉంటాయి. మేనమామ ఇంట్లో దావత్ ఉందంటారు, పాస్‌పోర్టు పని ఉందంటారు, షుగర్ టెస్టు చేయిద్దాం రమ్మంటారు. ఆటో గేటు ముందు ఆగాక అసలు సంగతి ఆ మనిషికి అర్థమవుతుంది. ఆ తర్వాత నెలల తరబడి మాత్ర చేతిలో పెట్టినా మింగడు. తనను మోసం చేసి తెచ్చినవాళ్లే ఇస్తున్న మాత్ర కదా, ఎందుకు మింగుతాడు?

హైదరాబాద్ పాతబస్తీలో మానసిక అత్యవసరాలు చూసే ఈ పనికి కొత్తగా వస్తున్న మీకు నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట ఇదే. ఎదుటి మనిషి ఎంత ఉద్రేకంలో ఉన్నా సరే, నిజమే చెప్పండి. చేయబోయేది ముందు చెప్పి, ఆ తర్వాతే చేయండి.

బయల్దేరక ముందే

సైకియాట్రిస్టులు, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టులు, సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, మానసిక వైద్యంలో శిక్షణ పొందిన నర్సులు ఈ పనికి రావచ్చు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం యునానీలో నఫ్సియాత్ పీజీ చేసినవారిని కూడా మానసిక ఆరోగ్య నిపుణులుగా గుర్తించింది. చార్మినార్ పక్కనే నిజామియా తిబ్బీ దవాఖానా ఉన్న ఈ బస్తీలో అది చిన్న విషయం కాదు. మీ మాట చెవికెక్కని ఇంట్లో హకీం సాబ్ మాట చెల్లుతుంది. వాళ్లతో పరిచయం ముందే పెంచుకోండి.

పిలుపొస్తే ఇంటికే వెళ్లే సేవకు ఒక నమూనా చెబుతాను. అమెరికాలోని యూజీన్ పట్టణంలో 1989లో కహూట్స్ అనే సేవ మొదలైంది. మానసిక సంక్షోభం అని ఫోన్ వస్తే పోలీసులకు బదులు ఒక వైద్య సహాయకుడు, ఒక కౌన్సెలింగ్ కార్యకర్త వ్యానులో వెళ్లేవారు. మనకు గల్లీ గల్లీకీ వచ్చే అలాంటి వ్యాను లేదు. మన చేతిలో ఉన్నవి విడివిడి ముక్కలు: 108 అంబులెన్సు, 112, బస్తీ దవాఖానాలు, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆస్పత్రి, దూరంగా ఎర్రగడ్డ, దగ్గర్లో పోలీస్ స్టేషన్. వీటికి తోడు 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ హెల్ప్‌లైన్ ఉంది. దాని నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనూ ఉర్దూలోనూ మాట్లాడతారు. ఈ ముక్కల్ని కలపడమే మీ ఉద్యోగం. ఏ స్టేషన్ పరిధి ఎక్కడిదాకా ఉంది, ఏ బస్తీ దవాఖానా ఎన్నింటికి మూస్తారు, ఉస్మానియాలో సైకియాట్రీ ఓపీ ఏ రోజుల్లో ఉంటుంది, ఇవన్నీ ఒక చిన్న పుస్తకంలో రాసుకుని జేబులో పెట్టుకోండి.

ఒంటరిగా ఎప్పుడూ వెళ్లొద్దు. ఇద్దరు వెళ్లండి, వీలైతే ఒక మగ, ఒక ఆడ. తలాబ్‌కట్టలోనో యాకుత్‌పురాలోనో వాకిలికి పర్దా వేసి ఉన్న ఇంట్లోకి మగ క్లినీషియన్ ఒక్కడే నేరుగా వెళ్లలేడు, వెళ్లకూడదు. లోపల ఉన్న ఆడమనిషే మీ పేషెంటయితే, గడప బయటి నుంచి చేసే అంచనాకు విలువ లేదు.

ఫోన్ చేసినవాళ్లను ముందు ఇవి అడగండి: చేతిలో కత్తి, రాడ్డు లాంటిది ఏమైనా ఉందా? ఏమైనా మింగారా, తలకు దెబ్బ తగిలిందా? ఇది ఎప్పటినుంచి, గంటలా, రోజులా, నెలలా? ఇంట్లో పిల్లలున్నారా? ఏదైనా మింగారని అనుమానం ఉంటే ఇంకేమీ ఆలోచించొద్దు. ముందు 108, ఆ తర్వాతే మీ కౌన్సెలింగ్. అంబులెన్సు చాలా గల్లీల్లోకి దూరదు. ఒక కుర్రాణ్ని మెయిన్ రోడ్డు మీద నిలబెట్టి దారి చూపించమనండి.

వాకిట్లో మొదటి పావుగంట

ఉప్పుగూడలోనో ఛత్రినాకలోనో ఒక ఇల్లు అనుకోండి. ఇరవై ఏళ్ల కుర్రాడు మూడు రాత్రులుగా నిద్రపోలేదు. ఇవాళ టీవీ పగలగొట్టి, గది తలుపు వేసుకున్నాడు. మీరు చేరేసరికి వాకిట్లో ముప్పై మంది ఉంటారు. పది మంది ఫోన్లు పైకెత్తి ఉంటాయి. ఒకాయన తాడు కూడా తెచ్చి ఉంటాడు.

మీ మొదటి పని కుర్రాడితో కాదు, గుంపుతో. గల్లీలో మాట చెల్లే పెద్దమనిషిని పట్టుకోండి. యువజన సంఘం అన్న కావచ్చు, మసీదు సదర్ సాబ్ కావచ్చు, కిరాణా కొట్టు అమ్మ కావచ్చు. "అన్నా, అందరినీ గల్లీ మొదట్ల దాకా తీస్కపోండ్రి, ఫోన్లు బంద్ చేయించుండ్రి" అని ఆయనకు పని అప్పజెప్పండి. మీరే అరిస్తే ఎవరూ కదలరు. ఆయన చెబితే కదులుతారు. తాడు తెచ్చినాయన్ని కోప్పడొద్దు, ఆయన భయంతో తెచ్చాడు. నీళ్లు తెమ్మని పంపండి.

తర్వాత తలుపు దగ్గర కూర్చోండి. నిలబడి మాట్లాడొద్దు. తలుపుకు మరీ ఎదురుగా కాకుండా కొంచెం పక్కకు, మీకూ ఆ అబ్బాయికీ బయటికి దారి ఉండేలా చూసుకోండి. గొంతు తగ్గించి మీ పేరు చెప్పండి. "తమ్మీ, నేను డాక్టర్ల టీమ్ నుంచి వచ్చిన. మీ అమ్మ ఫోన్ చేసింది. నిన్ను ఎవ్వరూ కట్టెయ్యరు. నేను ఈడనే కూసుంట. నీళ్లు తాగుతవా?" ఒక మాట అన్నాక ఆగండి. అతను జవాబు చెప్పేదాకా రెండో మాట అనొద్దు. కొత్తవాళ్లకు అన్నిటికన్నా కష్టమైనది ఈ ఆగడమే. నిశ్శబ్దం ఉంటే ఏదో తప్పు జరుగుతోందనిపిస్తుంది. జరగదు. అతని శ్వాస నెమ్మదించడానికి ఆ టైమ్ కావాలి.

తనను పక్కింటివాళ్లు చంపడానికి చూస్తున్నారని అతనంటే "అట్లేం లేదు" అని వాదించొద్దు, "అవును నిజమే" అని ఒప్పుకోనూ వద్దు. "అట్ల అనిపిస్తుంటే నిద్రెట్ల పడ్తది తమ్మీ, మస్తు భయమైతుండొచ్చు" అనండి. భయం నిజమే కాబట్టి మీరన్నది అబద్ధం కాదు.

"నన్ను ఎర్రగడ్డకు తీస్కపోతరా?" అని అడిగితే, అడుగుతాడు కూడా, ఆ ప్రశ్నను దాటేయొద్దు. "ముందు ఈడనే చూస్తం. దవాఖానకు పోవాల్సి వస్తే నీకు చెప్పే పోతం. నీతోటి నేనూ ఆటోల వస్త" అని చెప్పండి. అన్నట్టే ఆటో ఎక్కండి.

జబ్బు మనసుదేనా?

పిచ్చి అని ఊరంతా అన్నది షుగర్ పడిపోవడం కావచ్చు. గ్లూకోమీటర్, థర్మామీటర్ లేకుండా గల్లీలోకి అడుగుపెట్టొద్దు. హఠాత్తుగా, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మనిషి అయోమయంలో పడితే, తానెక్కడున్నాడో తెలియకపోతే, లేని పురుగులూ మనుషులూ కళ్లకు కనిపిస్తుంటే ముందు ఒంట్లో కారణం వెతకాలి. జ్వరం, తలకు దెబ్బ, మత్తు మానేసిన ఇబ్బంది, ఏదైనా కావచ్చు. అలాంటివాళ్లు ఉస్మానియా ఎమర్జెన్సీకి వెళ్లాలి, ఎర్రగడ్డకు కాదు.

కల్లు సంగతి విడిగా చెప్పాలి. మన దగ్గర కల్తీ కల్లులో డైజెపామ్, ఆల్ప్రజోలమ్, క్లోరల్ హైడ్రేట్ లాంటివి కలుపుతారు. రోజూ తాగేవాడికి అది ఒక్కసారిగా దొరక్కపోతే చేతులు వణుకుతాయి, ఫిట్స్ వస్తాయి, భ్రమలు కలుగుతాయి. 2015లో దాడులతో కల్తీ కల్లు సరఫరా తగ్గినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి ఇలాంటివాళ్లు ఆస్పత్రులకు పోటెత్తారు. కాబట్టి "ఏం తాగుతడు?" అని కాకుండా "ఆఖరిసారి ఎప్పుడు తాగిండు?" అని అడగండి. రెండు మూడు రోజులైందంటే అది అడ్మిషన్ కేసు.

రంజాన్ నెల వస్తే లిథియం వాడేవాళ్ల జాబితా ముందే తీయండి. పగలంతా నీళ్లు తాగకపోతే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, విరేచనాలు, తూలడం, మగతగా ఉండడం కనిపిస్తే ఆస్పత్రికి పంపాల్సిందే. నెల మొదలవకముందే సైకియాట్రిస్టుతో మాట్లాడించి, మందు వేళలు ఇఫ్తార్‌కూ సెహరీకీ సర్దుబాటవుతాయో లేదో చూడండి. కొందరికి ఉపవాసమే వద్దని చెప్పాల్సి వస్తుంది. జబ్బుపడ్డవారికి రోజా నుంచి మినహాయింపు ఉందన్న సంగతి మీ నోటి వెంట కన్నా ఇమామ్ సాబ్ నోటి వెంట వస్తే ఇంటివాళ్ల మనసు కుదుటపడుతుంది.

ఇక బాలింతలు. పేట్లబుర్జు ప్రసూతి ఆస్పత్రిలో కాన్పయిన రెండు వారాల్లోపు తల్లి నిద్రపోకుండా, బిడ్డ గురించి వింతగా మాట్లాడుతుంటే అది ఆ రోజే చూడాల్సిన అత్యవసరం. తల్లినీ బిడ్డనూ ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలొద్దు. "బాలింత గాలి" అని వారం ఆగుదామంటే ఒప్పుకోవద్దు.

తావీజు, పూనకం, దర్గా

లాల్‌దర్వాజా బోనాల రోజు పూనకం వచ్చిన అక్క సాయంత్రానికి ఇంటికెళ్లి వంట చేసుకుంటే ఆమె మీ కేసు కాదు. పండుగ అయిపోయి వారమైనా నిద్రాహారాలు లేకుండా తిరుగుతుంటే అప్పుడు వెళ్లి చూడండి. "అసర్" పట్టిందని చేతికి తావీజు కట్టిన ఇంట్లో ఆ తావీజు తీయమనొద్దు. అది ఉండనివ్వండి, మందూ వేయమనండి. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో దవా (మందు), దువా (ప్రార్థన) రెండూ ఒకే ఆవరణలో అందించే ఏర్పాటు చేశారు. అక్కడి ముజావర్లే (దర్గా సేవకులే) రోగుల్ని డాక్టరు దగ్గరికి పంపుతారు. మన దగ్గర నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిద్ ఎ ఇస్‌హాక్‌లో 2018లో పేదల కోసం ఆరోగ్య కేంద్రం తెరిచారు. ప్రార్థన జరిగే చోట వైద్యం చేయొచ్చని బస్తీకి మీరు కొత్తగా నేర్పాల్సిన పని లేదు.

ఒక్క విషయంలో మాత్రం రాజీ లేదు. అది గొలుసు. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచిన చోట మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 95వ సెక్షన్ గొలుసుతో కట్టడాన్ని నిషేధించింది. ఎక్కడ గొలుసు కనిపించినా అది తీయించకుండా బయటికి రావొద్దు.

అడగడానికి వెనకాడే ప్రశ్న

"చనిపోవాలని అనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్న భయం వద్దు, అలా జరగదు. అత్తమామల ముందు, భర్త ముందు అడగొద్దు. వంటింట్లోనో మిద్దె మీదో ఒక్కరినే కూర్చోబెట్టుకుని అడగండి. "దిల్ ఘబ్రారా" (గుండె దడగా ఉంది) అన్న మాట వినగానే గుండె పరీక్షకు రాసి పంపేస్తే ఆ ప్రశ్న అడిగే అవకాశం ఎప్పటికీ రాదు. అవునంటే, ఎలా అని ఆలోచించారా, ఇంతకు ముందు ప్రయత్నించారా, దేని కోసం ఇంకా ఆగారు, అని వరసగా అడగండి. ప్రమాదం ఉన్న వస్తువులు ఇంట్లోంచి తీయించండి. మందులు ఒకరి చేతిలో, తాళం కింద ఉండాలి. అప్పు బాధ కూడా ఉండి, రోజువారీ వడ్డీవాడు రేపు పొద్దున మళ్లీ వాకిట్లో నిలబడతాడంటే, అతని సంగతి కూడా మీ ప్లానులో ఉండాల్సిందే.

ఆత్మహత్యా ప్రయత్నం చేసినవాళ్లను చూస్తే ఇంటివాళ్లకు పోలీసు కేసు భయం. అదే చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటి మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టుగానే భావించాలి, శిక్షించకూడదు, ప్రభుత్వం చికిత్స ఇవ్వాలి. ఈ మాట గట్టిగా చెప్పండి. కేసు భయంతో ఆస్పత్రికి తీసుకెళ్లక ప్రాణాలు పోవడం కన్నా ఘోరం లేదు.

స్టేషన్, చట్టం

ప్రాణాపాయం ఉంటే, ఆయుధం ఉంటే పోలీసుల్ని పిలవక తప్పదు. పిలిచినా ఎస్ఐ గారిని ముందు పక్కకు తీసుకెళ్లి పరిస్థితి చెప్పండి. లాఠీలు వాహనంలోనే వదిలి రమ్మని మర్యాదగా అడగండి. 100వ సెక్షన్ స్పష్టంగా ఉంది: ఆ మనిషిని ఎందుకు తీసుకెళ్తున్నారో అతనికి చెప్పాలి, 24 గంటల్లోపు దగ్గరి ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించాలి, లాకప్‌లో ఎట్టి పరిస్థితిలోనూ పెట్టకూడదు. ఈ సెక్షన్ తెలుగు ప్రతి ఒకటి బ్యాగులో ఉంచుకోండి, వాదన కన్నా కాగితం త్వరగా పనిచేస్తుంది.

94వ సెక్షన్ కింద అత్యవసర చికిత్స గరిష్ఠంగా 72 గంటలు ఇవ్వొచ్చు. అది ఇచ్చేది రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టరే, గల్లీలో ఆర్ఎంపీ అని పిలిచే ఆయన కాదు. ఆయన వేసే మత్తు ఇంజెక్షన్‌ను ఆపడం కూడా మీ బాధ్యతే. మనిషి ఇష్టంగా చేరితే అంతకన్నా మేలు లేదు. చేరని స్థితిలో ఉంటే 89వ సెక్షన్ ప్రకారం ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించాలి, అప్పుడు 30 రోజుల వరకు ఉంచుకోవచ్చు.

మూడో రోజు

అంబులెన్సు వెళ్లిపోయాక గల్లీ ఖాళీ అవుతుంది. చాలామంది కొత్తవాళ్లు అక్కడితో రిజిస్టరు మూసేస్తారు. మూసేయొద్దు. మూడో రోజు ఫోన్ చేయండి, వారంలో ఇంటికి వెళ్లండి. మందులు కొన్నారా, తల్లి నిద్రపోతోందా, పక్కింటివాళ్లు తీసిన వీడియో ఎక్కడైనా తిరుగుతోందా, అని అడగండి. వీడియో తిరుగుతుంటే, దాన్ని తీసేయించే పని గల్లీ పెద్దమనిషికి అప్పజెప్పండి. ఎర్రగడ్డకు మళ్లీ వెళ్లాల్సినవాళ్లకు దారి చెప్పండి: చార్మినార్ నుంచి ఎంజీబీఎస్ దాకా బస్సో ఆటోనో, అక్కడి నుంచి మియాపూర్ వైపు మెట్రో ఎక్కితే నేరుగా ఎర్రగడ్డ స్టేషన్. మొదటిసారి ఎవరైనా తోడు వెళ్లేలా చూడండి.

ఆ కుర్రాడు కుదుటపడి, తానే తలుపు తీసి మిమ్మల్ని కూర్చోమన్న రోజున ఒక తెల్ల కాగితం తీయండి. 14వ సెక్షన్ ప్రకారం తన తరఫున ఎవరు మాట్లాడాలో మనిషి తానే రాసుకోవచ్చు. తెల్ల కాగితం మీద సంతకమో వేలిముద్రో ఉంటే సరిపోతుంది, స్టాంపు పేపరు అక్కర్లేదు. "మళ్ల గిట్ల అయితే ఎవరిని పిలవాలె తమ్మీ? ఎవరు వస్తే నీకు మంచిగనిపిస్తది?" అని అడగండి. నాన్న పేరు చెబుతాడని మీరనుకుంటారు, అతను చిన్నమ్మ పేరో దోస్తు పేరో చెప్పొచ్చు. ఏ పేరు చెబితే అదే రాయండి. ఆ వ్యక్తిని కూడా పిలిచి సంతకం తీసుకోండి. ఒక కాపీ ఇంట్లో, ఒకటి అతని మందుల కవరులో, ఒకటి మీ రిజిస్టరులో పెట్టండి.