ఇటలీవారి పండుగ మాటలు

ఈ శీతకాలపు సెలవులకు ముందు పై తరగతుల పిల్లలకు ఇటాలియను భాషలోని క్రిస్మసు మాటలు కొన్ని నేర్పదలచితిమి. "ఇంట తెలుగే తడబడుచుండగా పరదేశపు మాటలెందుకు?" అని కొందరు తల్లిదండ్రులు అడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ మాటలనే పెద్దల యెదుట నుంచుట తగిన సమాధానమని తలచి ఈ పాఠమును వ్రాయుచున్నాము.

ఇటలీలో క్రిస్మసును 'నతాలె' అందురు. పుట్టుకకు సంబంధించినదని అర్థము. సంస్కృతమందలి 'జాత' శబ్దమునకు ఇది దూరపు జ్ఞాతి. పండుగనాడు ఒకరికొకరు 'బ్వోన్ నతాలె' అని శుభము పలుకుకొందురు. ఇందలి తకారము దంత్యము. ఆంగ్లపు అలవాటున 'నటాలె' యనరాదు. ఆంగ్లేయులు శ్రమపడి నేర్వవలసిన ఈ త, దలు మన పిల్లలకు తల్లిపాలతో వచ్చినవి.

ద్విత్వమును అట్టిదే. 'నొన్నొ' యనగా తాత, 'నోనొ' యనగా తొమ్మిదవవాడు. ఒత్తు జారవిడిచిన మనుమడు తాతను తొమ్మిదవవానిని చేయును! 'కల'కును 'కల్ల'కును భేదమెరిగిన పిల్లలకు ఇది వింత గాదు. 'నొన్న' అనిన మాత్రము అవ్వ. మన 'నాన్న' యని పొరబడరాదు.

తెలుగు మాటలవలె ఇటాలియను మాటలును చాలవరకు అచ్చుతో ముగియును. అందుచేతనే మన భాషకు 'తూర్పుదేశపు ఇటాలియను' అను పేరు కలిగినది. ఈ పొగడ్తను సభలలో వల్లించుటకంటె చెవితో పరీక్షించుట మేలు. మిలాను నగరపు పండుగ రొట్టె 'పనెత్తోనె'. 'పానె' రొట్టె, 'పనెత్తొ' చిన్న రొట్టె, చివర 'ఓనె' చేరగా పెద్దది. ఒకటికి మించినచో 'పనెత్తోని' యగును. మనము 'లు' చేర్చుచోట వారు చివరి అచ్చును మార్చుదురు. కావున ఆ అచ్చును మ్రింగరాదు.

'ప్రెజేపె' యనగా పశువుల తొట్టి. క్రీస్తు జన్మదృశ్యమును చూపు బొమ్మల అమరికకు అదియే పేరు. 1223లో అస్సీసీవాసియగు ఫ్రాన్సిసు మునివర్యుడు గ్రెచ్చో గ్రామమున నిజమైన ఎద్దుతో, గాడిదతో ఆ దృశ్యమును ఏర్పరచెను. నేపుల్సు నగరమున సాన్ గ్రెగోరియో అర్మేనో వీధిలో ఈ బొమ్మలు చేయు పనివారు నేటికిని కలరు. బొమ్మల కొలువు చూచిన బాలికకు ఇంతకుమించి వివరణ అక్కరలేదు. డిసెంబరు 24 'విజీలియ'. జనవరి 6వ తేదీకి ముందటి రాత్రి 'బెఫాన' యను ముసలమ్మ చీపురుపై వచ్చి మంచి పిల్లలకు మిఠాయియు, అల్లరి పిల్లలకు బొగ్గును ఇచ్చునట.

ఇక 'తోంబొల'. మన క్లబ్బులలో తంబోలా యనునది ఇదియే. 90 అంకెల ఆట. పండుగ దినములలో ఇటలీ కుటుంబములు దీని నాడును. నేపుల్సులో అంకెకొక పేరున్నది: 33 క్రీస్తు ఏండ్లు, 90 భయము. పెద్దలు ఆ పేర్లను తమ ఊరి పలుకుబడిలో పిలుతురు. అది బడిభాష కాదు. ఇంటిలో ఇట్టి ఆటలవలననే పిల్లల నోటికి వచ్చును.

మేము ఈ పాఠమును ఎన్నుకొనుటకు కారణము ఇదియే. సెలవులు మనకును ధనుర్మాసము. తరతరములుగా తమిళనాట నున్న మన ఇండ్లలో అరిసె 'అదిరసం' అయినది, బొమ్మల కొలువు 'గొలు' అయినది. అవి పొరుగువారి మంచి మాటలే. పిల్లలకు రెండును తెలియవలెను. కాని అంకెల సంగతి మరింత కష్టముగా నున్నది. నలువది దాటినచో తెలుగున లెక్కింపలేని పిల్లలు మా తరగతులలో ననేకులు.

కావున ఒక మనవి. ప్రతి పిల్లయు ఒక నోటుపుస్తకమున ఎడమ పుటలో ఇటాలియను మాటను, కుడి పుటలో దానికి దగ్గరగు అవ్వమాటను వ్రాయవలెను. అవ్వకు చదువు రాకున్నను కొరత లేదు; చెప్పుట ఆమె పని, వ్రాయుట పిల్ల పని. తెలుగుమాట దొరకనిచో ఖాళీ విడిచి, బంధువులు వచ్చినపుడు అడిగి నింపవచ్చును. రాత్రి భోజనమైన పిదప తంబోలా ఆడించుడు. అంకెలను మాత్రము 'డెబ్బదియేడు', 'ఎనుబదితొమ్మిది' అని పెద్దలే పిలువవలెను. పుస్తకములను బడి తెరచిన దినమున తెలుగు పండితునకు ఒప్పగింపుడు. మార్కులు లేవు.