యజమానికి చెవులు కూడా ఉండాలి



"చెప్పేవాడికి వినేవాడు లోకువ" అన్నారు మన పెద్దలు. పని చేయించే చోట ఈ సామెత మరీ నిజం. యజమాని చెబుతాడు, పనివారు తలూపుతారు. అందరూ తలూపారు కాబట్టి అందరికీ అర్థమైందని ఆయన అనుకుంటాడు. అర్థం కాకపోయినా, చెప్పింది తప్పని తెలిసినా, జీతమిచ్చేవాడి ముందు నోరు విప్పే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? మీలో రైసుమిల్లు నడిపేవారు ఉండవచ్చు. ఇద్దరు కుర్రాళ్లను పెట్టుకుని కిరాణా కొట్టు నడిపేవారు, పదిమంది కూలీలతో ఇళ్లు కట్టే మేస్త్రీలు ఉండవచ్చు. ఆ తలూపుడు వెనుక ఏముందో తెలుసుకోవడం ఎలా? ఒక పెద్ద కంపెనీలో నిజంగా జరిగిన సంగతులు చూద్దాం.

1987లో పాల్ ఓనీల్ అనే ఆయన అమెరికాలోని అల్కోవా అల్యూమినియం కంపెనీకి అధిపతి అయ్యారు. పెట్టుబడిదారులు లాభాల మాట వినాలని వచ్చారు. ఆయన మాత్రం పనివారి భద్రత గురించి మాట్లాడారు. పనివారికి తన ఇంటి ఫోన్ నంబరు ఇచ్చి, ప్రమాదాల విషయం పై అధికారులు పట్టించుకోకపోతే నాకే ఫోన్ చేయండి అన్నారు.

కొన్ని నెలలకే అరిజోనాలోని కర్మాగారంలో కొత్తగా చేరిన ఒక యువకుడు ఆగిపోయిన యంత్రాన్ని సరిచేయబోయి ప్రాణం పోగొట్టుకున్నాడు. అతడు అడ్డుగోడ దూకడం ఇద్దరు అధికారులు చూసి కూడా ఆపలేదు. ఓనీల్ అధికారులందరినీ కూర్చోబెట్టారు. చనిపోయినవాడి అజాగ్రత్త అనలేదు. ముందు తన తప్పు ఒప్పుకున్నారు, ఆ తర్వాతే మీ అందరి తప్పు కూడా అన్నారు. ఎవరికైనా దెబ్బ తగిలితే 24 గంటల్లో ఆ సంగతి తనకు చేరాలని, మళ్లీ జరగకుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని నియమం పెట్టారు.

పనివారు మాట్లాడడం మొదలుపెట్టారు. ప్రమాదాల గురించే కాదు, పని గురించీ చెప్పారు. ఇళ్ల గోడలకు బిగించే అల్యూమినియం రేకులు చేసే కర్మాగారంలో, రంగు వేసే యంత్రాలన్నీ ఒకేచోట పెడితే రంగులు త్వరగా మార్చవచ్చని ఒక చిన్న ఉద్యోగి చెప్పాడు. ఏడాదిలో ఆ సరుకు మీద లాభం రెట్టింపయింది. ఆ ఆలోచన అతని మనసులో పదేళ్లుగా ఉందట! పై అధికారులెవరికీ చెప్పలేదు. మన కొట్లలో, మిల్లుల్లో ఇలా పనివారి మనసులోనే ఉండిపోయిన మాటలు ఎన్నో!

అయితే ఫోన్ నంబరు ఇచ్చినంత మాత్రాన అందరి మాటా చేరదు. 1996లో వాటాదారుల సమావేశంలో ఒక బెనెడిక్టైన్ మఠకన్య లేచి, మెక్సికోలోని మీ కర్మాగారంలో పనివారు విషవాయువు పీల్చి జబ్బుపడ్డారు, భద్రత గురించి మీరు చెప్పేది నిజం కాదు అన్నారు. ఓనీల్ మొదట ఒప్పుకోలేదు. కానీ మనుషులను పంపి విచారించారు. ఆమె చెప్పింది నిజమే. అక్కడి వ్యవహారం చూసే పెద్ద అధికారికి సంగతి తెలుసు. గాలి ఆడే ఏర్పాటు కూడా చేయించాడు. పైకి మాత్రం చెప్పలేదు. ఎంతో కాలంగా బాగా పనిచేసినవాడైనా అతణ్ణి ఉద్యోగం నుంచి తీసివేశారు. దాచడమే అతని తప్పు.

2000 సంవత్సరంలో ఓనీల్ పదవీ విరమణ చేసేనాటికి కంపెనీ నికర ఆదాయం ఆయన రాకముందుకంటే ఐదు రెట్లయింది. దెబ్బ తగిలి పని మానుకోవలసివచ్చినవారి సంఖ్య ఏటా నూటికి 1.86 నుండి 0.2కు తగ్గింది.

దీనినుండి మనం నేర్చుకోదగినవి నాలుగు.

మొదటిది: చెడ్డ వార్త మీరే చెప్పండి. ఈ నెల జీతం ఆలస్యమవుతుందంటే, ఆ మాట గుమాస్తా నోటినుంచి కాదు, మీ నోటినుంచి, ముందుగానే రావాలి. కారణం, తేదీ రెండూ చెప్పండి.

రెండవది: "అర్థమైందా?" అని అడగకండి. దానికి అందరూ "అయిందండీ" అనే అంటారు. "ఎలా చేస్తావో చెప్పు బాబూ" అని అడగండి. మీరు సరిగా చెప్పారో లేదో అప్పుడు తెలుస్తుంది.

మూడవది: అడిగినదానికి జవాబివ్వండి. కుదరదు అన్నా జవాబే. ఏమీ చెప్పకపోతే రెండోసారి ఎవరూ అడగరు.

నాలుగవది: తప్పు జరిగిందని వచ్చి చెప్పినవాడిని పదిమందిలో తిట్టకండి. ఒక్కణ్ణి తిడితే మిగతావారందరూ దాచడం నేర్చుకుంటారు.

ఈ వారం మనల్ని మనం ఒక ప్రశ్న వేసుకుందాం. మన దగ్గర పనిచేసేవారు గడిచిన నెలరోజుల్లో మనకు నచ్చని మాట ఒక్కటైనా చెప్పారా? చెప్పకపోతే అంతా బాగుందని సంతోషించకండి. రేపు పని మొదలుపెట్టేముందు అందరికంటే చిన్నవాణ్ణి పిలిచి, ఇక్కడ ఏం మార్చాలని అడగండి. అతడు చెప్పేది పూర్తయ్యేవరకు మధ్యలో మాట్లాడకండి.