తల మీద బౌంటీ, చేతిలో జీతం

ధర్మపురి నుంచి జగిత్యాలకు, కరీంనగర్‌కు రోజూ బస్సులో డ్యూటీకి పోయివచ్చే పిల్లలు ఈ మధ్య నన్ను తరచూ అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. "అన్నా, పోకర్ బౌంటీ టోర్నమెంట్‌లో గెలవాలంటే ఎట్లా ఆడాలి?" గెలిచే లెక్క ఉంది, చెబుతాను. అయితే ఆ లెక్కను చివరిదాకా చదవాలి. సగంలో ఆపినవాడికి అది ఆశలాగే కనిపిస్తుంది. చివరిదాకా చదివినవాడు జీతం డబ్బును ఆ వైపు పోనివ్వడు.

ముందు చట్టం సంగతి

సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ కేసులో 1968లో సుప్రీంకోర్టు రమ్మీని ప్రధానంగా నైపుణ్యం మీద నడిచే ఆటగా చెప్పింది. ఆ తీర్పు పేరు చెప్పి "పోకర్ కూడా తెలివితేటల ఆటే, ఆడితే తప్పేంటి" అని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తెలంగాణలో ఆ వాదం 2017తోనే ముగిసింది. ఆ ఏడాది రాష్ట్ర జూద నిరోధక చట్టాన్ని సవరించి, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడడాన్ని కూడా అందులోకి తెచ్చారు. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే దారి పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నైపుణ్యమా, అదృష్టమా అన్న తేడా చూడకుండా ఆన్‌లైన్ డబ్బు ఆటలన్నింటినీ ఈ చట్టం నిషేధించింది. నడిపేవాళ్లకు మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా ఉంటాయి. దేశంలోని పెద్ద యాప్‌లు వెంటనే డబ్బు ఆటలు ఆపేశాయి.

అందుకే ఇక్కడ చెప్పే ఆటంతా పైసా కట్టకుండా, ఉత్తుత్తి చిప్పులతో ఆడుకునేదే. ఇంకా ఎవరైనా వాట్సాప్‌లో లింకు పంపి "ఇందులో పైసలు పెట్టొచ్చు" అంటున్నారంటే అది చట్టం బయట నడిచే వ్యవహారం. అక్కడ మీరు గెలిచినా ఆ డబ్బు ఇప్పించే దిక్కు ఉండదు.

ఆట ఎట్లా ఉంటుంది

మామూలు టోర్నమెంట్‌లో చివరిదాకా నిలిచినవాళ్లకే బహుమతి. బౌంటీ టోర్నమెంట్‌లో ప్రతి ఆటగాడి తల మీదా ఒక వెల ఉంటుంది. అతని చిప్పులన్నీ ఊడ్చి బయటికి పంపినవాడికి ఆ వెల దక్కుతుంది. ఇందులో ఎక్కువగా నడిచేది ప్రోగ్రెసివ్ రకం. ప్రవేశానికి 1,000 పాయింట్లు అనుకుందాం. 500 బహుమతుల కుప్పలోకి, 500 మీ తల మీదికి పోతాయి. మీరు ఒకరిని బయటికి పంపితే అతని 500లో 250 అప్పుడే మీ చేతికొస్తాయి. మిగతా 250 మీ తల మీద చేరి, మీ వెల 750 అవుతుంది. ఎంతమందిని వేటాడితే అంతగా మీరే ఇతరులకు వేట అవుతారు.

అసలు లెక్క

అందరికీ మొదట 10,000 చిప్పులు ఇచ్చారనుకోండి. బహుమతుల కుప్పలోకి పోయిన 500 పాయింట్లకు అవి వచ్చాయి కాబట్టి, 250 పాయింట్ల బౌంటీ అంటే పైకి 5,000 చిప్పులతో సమానం. కానీ అవే చిప్పులతో మరిన్ని బౌంటీలు కొట్టవచ్చు గనక చిప్పు అసలు విలువ కొంత ఎక్కువే. అందుకని జాగ్రత్తగా ఆడేవాళ్లు తొలి దశలో ఒక బౌంటీని 3,000 చిప్పుల దగ్గరే పట్టుకుంటారు.

ఇప్పుడు ఒక చేయి చూద్దాం. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా కట్టే పందేలు, 100, 200. మీరు 200 కట్టి బిగ్ బ్లైండ్‌లో ఉన్నారు. ఒకతను తన దగ్గరున్న 4,000 మొత్తం నెట్టాడు. మిగతావాళ్లు ముక్కలు పడేశారు. మధ్యలో 4,300 ఉన్నాయి. కాల్ చేయాలంటే, అంటే అతనితో సమానంగా కట్టాలంటే, మీరు ఇంకా 3,800 పెట్టాలి. బౌంటీ లేని ఆటలో మీరు నూటికి 47 సార్లు గెలిచే చేయి ఉంటేనే కాల్ చేయాలి. 3,800ను 8,100తో భాగిస్తే వచ్చేది అదే. బౌంటీ విలువ 3,000 కలిపితే భాగించే సంఖ్య 11,100 అవుతుంది. అప్పుడు 34 సార్లు గెలిచే చేయి చాలు.

ఈ తేడా చిన్నది కాదు. అవతలివాడి దగ్గర ఆసు, రాజు ఉన్నా, మీ దగ్గర ఇస్పేటు పది, తొమ్మిది ఉంటే సుమారు నూటికి 40 సార్లు మీరే గెలుస్తారు. మామూలు ఆటలో పడేయాల్సిన ఆ చేయి ఇక్కడ నిలుస్తుంది. అయితే అతని దగ్గర పెద్ద జత ఉండే అవకాశం కూడా ఉంది. కాబట్టి అతను ఎలాంటి చేతులతో నెడతాడో గమనించకుండా ఈ ఒక్క ఉదాహరణ పట్టుకుని కూర్చోవద్దు.

ఆడేటప్పుడు పట్టుకోవాల్సినవి

మొదటిది, కవర్. మీ దగ్గర చిప్పులు అవతలివాడితో సమానంగానో, అంతకన్నా ఎక్కువో ఉంటేనే అతని బౌంటీ మీకు దక్కుతుంది. తక్కువ ఉంటే మీరు గెలిచినా అతను ఆటలోనే ఉంటాడు. బౌంటీ పేరుతో చేసే సడలింపు మీకు అప్పుడు చెల్లదు, పాత 47 లెక్కే వర్తిస్తుంది.

రెండోది, మీరు చిన్న కుప్పతో ఉంటే బ్లఫ్ తగ్గించాలి. మీ తల మీది వెల కోసం పెద్ద కుప్పవాళ్లు బలహీనమైన చేతులతోనూ కాల్ చేస్తారు. భయపెట్టి పంపడం కుదరదు గనక మంచి ముక్కలతోనే నెట్టండి.

మూడోది, లెక్కను ప్రతిసారీ కొత్తగా వేయాలి. బ్లైండ్లు పెరిగే కొద్దీ ఆ 3,000 చిన్నదవుతుంది. మరోవైపు కొందరి తలల మీద వెల పెరుగుతూ పోతుంది. చివరి బల్లకు చేరాక ఒక్కో స్థానానికి బహుమతిలో పెద్ద తేడా ఉంటుంది కాబట్టి, చిన్న బౌంటీ కోసం ఆట మొత్తాన్ని పణంగా పెట్టకూడదు.

నాలుగోది, సరిగ్గా ఆడినా ఓడతారని ముందే ఒప్పుకోవాలి. 60 శాతం గెలిచే చేతితో మూడుసార్లు చిప్పులన్నీ నెట్టారనుకోండి. మూడుసార్లూ నిలబడే అవకాశం 22 శాతం లోపే.

అదే లెక్క జీతానికి

పైన చెప్పిన వాటన్నిటిలో ప్రాణం కవర్‌లో ఉంది. పోయినా ఆటలో మిగిలేవాడికే వేటాడే హక్కు. మీ నెల జీతం 18,000 అనుకోండి. అందులోంచే ఇంటి కిరాయి, బండి కిస్తీ, చిట్టీ, పిల్లల ఫీజు కట్టాలి. అవతల పైసలు పెట్టించే వెబ్‌సైటు ఎన్నడూ బయటికి పోదు. ప్రతి ఆటలోనూ ముందుగానే తన కమీషన్ కోసుకుంటుంది. గెలిచినదాని మీద 30 శాతం ఆదాయపు పన్ను కట్టాలని 2023 నుంచే చట్టం ఉంది. ఆటను వృత్తిగా పెట్టుకున్నవాళ్లు ఒక్క టోర్నమెంట్‌కు కట్టే రుసుముకు వంద రెట్లయినా ఇంటి డబ్బుతో సంబంధం లేకుండా విడిగా ఉంచుకుంటారు. 1,000 రూపాయల ఆటకు లక్ష రూపాయలన్నమాట. జీతం రాగానే ఖర్చులకు సరిపెట్టుకునే మనిషి ఆ బల్ల దగ్గర ఎప్పుడూ చిన్న కుప్పే. అతను వేటాడుతున్నానని అనుకుంటాడు గానీ, వెల ఉన్నది అతని తల మీదే.

గల్ఫ్‌లో ఉన్న తమ్ముళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. అక్కడ జూదం చట్టాలు ఇంకా కఠినం. కేసు పడితే జైలుతో పాటు కొలువు, వీసా రెండూ పోవచ్చు. అమెరికాలో నెవాడా, న్యూజెర్సీ వంటి కొన్ని రాష్ట్రాలు లైసెన్సున్న సైట్లకు అనుమతి ఇస్తున్నాయి. అక్కడున్న మనవాళ్లు కూడా తాముండే రాష్ట్రం చట్టం చూసుకోకుండా ఖాతా తెరవొద్దు.

ఇప్పటికే పోగొట్టుకున్నవాళ్లకు

పోయినదాన్ని మళ్లీ ఆడి తేవాలనుకోవద్దు. ఈ రోజే యాప్ తీసేయండి. దానికి జతచేసిన బ్యాంకు ఖాతాలో జీతం పడకుండా మార్చుకోండి. లోన్ యాప్‌లో అప్పు తెచ్చి పాత అప్పు తీర్చవద్దు. షాపు కలెక్షన్, సంఘం డబ్బు, ఆఫీసు క్యాష్ మీ చేతిలో ఉంటే, కొన్నాళ్లు ఆ బాధ్యత వేరేవాళ్లకు ఇవ్వమని యజమానిని అడగండి. అడగడం నామోషీ కాదు, ఉద్యోగాన్ని కాపాడుకోవడం. ఇంట్లో ఒక్కరికైనా మొత్తం అంకె దాచకుండా చెప్పండి. ఎవరైనా మోసం చేసి డబ్బు లాగితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. నిద్ర పట్టకపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా 14416 టెలి మానస్‌కు చేయండి. అక్కడ తెలుగులో మాట్లాడతారు, పైసా తీసుకోరు.

ఈ లెక్కలు వేయడం నిజంగా ఇష్టమైతే ఆ ఇష్టాన్ని వృథా చేయొద్దు. బ్యాంకు పరీక్షల్లో అడిగే సంభావ్యతకూ, బీమా కంపెనీలు ప్రీమియం లెక్కగట్టే పద్ధతికీ మూలం ఈ గణితమే. రోజూ ఆటకు పోయే రెండు గంటల్లో ఒక గంట అటు పెట్టండి. ఆదివారం దోస్తులతో ఉత్తుత్తి చిప్పులు పంచుకుని బౌంటీ ఆట ఆడండి, గెలిచినవాడికి అందరూ కలిసి చాయ్ తాగించండి. ఒకటో తారీఖున పడ్డ జీతం మాత్రం సాయంత్రానికి మొత్తంగా ఇంటికి చేరాలి.