కొండలలోని చిన్న రైలు

వేల్సు దేశపు పడమటి తీరమున టవిన్ అను చిన్న పట్టణము కలదు. అచ్చటి వార్ఫ్ స్టేషనులో నిలిచియున్న రైలును తొలిసారి చూచినవారికి అది పిల్లల ఆటవస్తువేమో అనిపించును. దాని పట్టాల నడుమ దూరము 686 మిల్లీమీటర్లు మాత్రమే. మన దేశపు పెద్ద రైలుదారులలో ఆ దూరము 1,676 మిల్లీమీటర్లు. అయినను ఇది ఆటవస్తువు కాదు. దీని పేరు టాలిలిన్ రైల్వే.

కొండలలోని గని నుండి పలకరాతిని దించుటకు 1865లో ఈ దారిని నిర్మించిరి. పూర్వము మన బడిపిల్లలు అక్షరములు దిద్దిన పలకలు ఇట్టి రాతివే. అచ్చట దానిని ఇండ్ల పైకప్పులకు వాడుదురు. 1946లో గనిలో కొంతభాగము కూలుటచే పని ఆగిపోయెను. యజమానియగు సర్ హేడన్ జోన్స్ మాత్రము తాను జీవించియున్నంత కాలము రైలు నడుచునని మాట యిచ్చి, నష్టమునకు వెరవక నడిపించెను. ఆయన 1950లో మరణించెను. ఇక పట్టాలు తుక్కు క్రింద అమ్ముడుపోవుటయే తరువాయి.

అప్పుడు రోల్ట్ అను రచయిత బర్మింగుహాము నగరమున సభ చేసి, జీతము కోరక పనిచేయువారిని కూడగట్టెను. వారి చేతికి వచ్చిన దేమి? గడ్డిలో కప్పబడిన అరిగిన పట్టాలు, కదలగల ఒకే ఒక ఇంజను. 1866 నాటి ఆ ఇంజను పేరు డోల్గోఖ్. అయినను 1951 మే 14వ తేదీన వారి తొలి రైలు బయలుదేరెను. స్వచ్ఛంద సేవకులు రక్షించి నడిపిన రైలుదారులలో ప్రపంచమున ఇదియే మొదటిది.

పాత పెట్టెలలో ఒక వింత కలదు. వాటి తలుపులు ఒకవైపుననే తెరచుకొనును. రెండవవైపు తలుపులు శాశ్వతముగా మూయబడినవి. దీనికి కారణము నిర్మాణములో జరిగిన పొరపాటు. 1866లో ప్రభుత్వ తనిఖీ అధికారి వచ్చి కొలువగా, దారిపై నున్న వంతెనల క్రింద పెట్టెకును గోడకును నడుమ చాలినంత ఎడము లేదని తేలెను. వంతెనలను పడగొట్టి కట్టుటకు మిక్కిలి వ్యయమగును. కావున పట్టాలను ఒక ప్రక్కకు జరిపి, గోడకు దగ్గరైన వైపు తలుపులను బిగించివేసిరి. నూటయేబది యేండ్లు గడచినను ఆ యేర్పాటు మారలేదు. నా దృష్టిలో అచ్చట చూడదగిన వస్తువులలో ఈ తెరువరాని తలుపే మొదటిది!

గార్డు పెట్టెకు టిక్కెట్లు అమ్ము కిటికీ యుండుట మరియొక విశేషము. దారిలోని చిన్న స్టేషనులకు గుమాస్తా లేనందున టిక్కెట్ల గదియే రైలుతో ప్రయాణము చేసెడిది. కొండలోయపై 51 అడుగుల ఎత్తున నున్న ఇటుక వంతెన, దాని చేరువనున్న జలపాతములు కూడ చూడదగినవి.

వార్ఫ్ స్టేషనులోనే చిన్న పట్టాల రైళ్ళ ప్రదర్శనశాల కలదు. డబ్లిన్ నగరమున బీరు తయారుచేయు గిన్నెస్ కర్మాగారమునందు పనిచేసిన ఇంజను అందులో నొకటి. వీధి మురికి తగులకుండుటకై దాని యంత్రభాగములను పైన అమర్చిరి. వేరొకచోట ఆడ్రీ అను మతగురువు వ్రాతగది యున్నది. థామస్ అను బుల్లి ఇంజను కథలను వ్రాసినది ఆయనయే. ఆయనయు 1952లో ఈ రైలుపై స్వచ్ఛందముగా గార్డు పని చేసెను. ఒకనాడు ఫలహారము లమ్ము ఆమెను స్టేషనులోనే మరచి, పచ్చజెండా ఊపి రైలును పంపివేసెను. పిమ్మట ఆ సంగతినే కథగా వ్రాసెను.