పడుకునే ముందు పసుపు పాలు

ప్రశ్న: రాత్రి గోరువెచ్చని పాలు తాగితే నిద్ర పడుతుందంటారు. నిజమేనా?

జవాబు: చాలామందికి సాయపడతాయి, కానీ అందరూ చెప్పే కారణం వల్ల కాదు. పాలలోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నిద్ర తెప్పిస్తుందంటారు. గ్లాసు పాలలో అది సుమారు 0.1 గ్రాము మాత్రమే, పైగా మెదడుకు చేరాలంటే మిగతా అమైనో ఆమ్లాలతో పోటీ పడాలి. అసలు మేలు అలవాటుది. స్టవ్ సిమ్‌లో పెట్టి, చిటికెడు పసుపు, దంచిన మిరియాలు వేసి, పొంగకుండా కలుపుతూ నిలబడే ఆ కాసేపు ఫోను చేతిలో ఉండదు. రోజూ ఒకే వేళకు ఇలా చేస్తుంటే, ఇక పడుకోవడమేనని ఒంటికి తెలిసిపోతుంది. అలవాటే ముఖ్యమైతే టీ తాగకూడదా అంటారేమో. వద్దు, టీలోని కెఫీన్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు 5 గంటలు పడుతుంది. పాలు పడనివారు సొంఠి మరిగించిన నీళ్లు తాగవచ్చు. రాత్రి లేవాల్సి వస్తుందనుకుంటే గంట ముందే, చిన్న గ్లాసుడు చాలు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే మాత్రం డాక్టరుకు చూపించుకోండి.